తనకు తప్ప అందరికీ

విలియం కౌపర్ శాంతి దొరక్కుండానే కన్నుమూశాడు. 1800 ఏప్రిల్ 25న, ఇంగ్లండు తూర్పు కొసన నార్‌ఫోక్‌లోని ఈస్ట్ డెరమ్ అనే చిన్న ఊళ్లో, దేవుడు తనను తోసివేశాడనీ ఆ తీర్పుకు తిరుగులేదనీ నమ్ముతూనే వెళ్లిపోయాడు. చివరికి ఏదో వెలుగు వస్తుందిలే అని ఎదురుచూసేవాళ్ల కోసం ఈ సంగతి ముందే చెబుతున్నాను. ఆ వెలుగు రాదు.

వెళ్లిపోయినవాడు దేవుడు లేడన్నవాడు కాదు. అంతుచిక్కని దేవుని చిత్తాన్ని భయపడకుండా నమ్మమని చెప్పే కీర్తన రాసినవాడు. ఇంగ్లిషులో ఆరాధించే సంఘాలు రెండు వందల యాభై ఏళ్లుగా రోగుల మంచాల దగ్గర, శవపేటికల పక్కన ఆ కీర్తన పాడుకుంటున్నాయి. అది ఎందరి కన్నీళ్లు తుడిచిందో లెక్కలేదు. రాసినవాడి కన్నీళ్లే దానికి అందలేదు.

మన సంఘాల్లో ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచేది ఎవరు? జబ్బు నయమైనవాళ్లు, అప్పు తీరినవాళ్లు, తాగుడు మానినవాళ్లు. నయం కానివాళ్లు వెనక చాప మీద కూర్చుని వింటారు, అందరితో కలిసి స్తోత్రం చెబుతారు, ఇంటికి వెళ్లిపోతారు. వాళ్లను లేపి మాట్లాడమనడం మనకు చేతకాదు. కౌపర్‌ది ఆ వెనక చాప మీది బతుకు.

1731లో బెర్క్‌హాంస్టెడ్ ఊరి చర్చి గురువు ఇంట పుట్టాడు. తల్లి ఏడుగురిని కన్నది. బతికి బట్టకట్టింది ఇద్దరే. రెండోవాడు జాన్‌ను కన్న కొద్ది రోజులకే ఆమె పోయింది. అప్పటికి విలియంకు ఆరేళ్లు నిండబోతున్నాయి. చావు గంట మోగడం విన్నాడు. పైగది కిటికీలోంచి బండి మీద తల్లి శవపేటిక కదిలిపోవడం చూశాడు. ఏడుస్తున్న పిల్లాణ్ణి ఊరుకోబెట్టాలని ఇంట్లో దాసీలు అమ్మ తిరిగి వస్తుందన్నారు. పాపం, వాళ్లు మాత్రం ఏమనగలరు? పిల్లాడు నమ్మాడు. రేపు వస్తుందనుకున్నాడు. ఆ రేపు గడిచాక మరో రేపు. అలా ఎన్నో రేపులు మోసపోయి, చివరికి ఎదురుచూడటం మానేశాడు. ఇదంతా అతడే చెప్పుకున్నాడు, 1790లో. యాభై ఏళ్లు దాటాక ఒక బంధువు పంపిన తల్లి బొమ్మ చేతికందితే దాన్ని ముద్దు పెట్టుకుని, రాత్రి కళ్లు మూసేటప్పుడు చివరగా, పొద్దున్న తెరిచేటప్పుడు మొదటగా కనబడేచోట తగిలించుకున్నాడు. ఆ బొమ్మ మీద రాసిన పద్యం ఇంగ్లిషులో తల్లి మీద వచ్చిన గొప్ప కవితల్లో ఒకటి.

తర్వాతి దుఃఖమంతా ఇక్కడే మొదలైందని నేను అనను. మనసు అంత సూటి లెక్క కాదు. కానీ తల్లి పోయిన వెంటనే ఆ పసివాణ్ణి దూరపు బడిలో చేర్చారు. అక్కడ పదిహేనేళ్లవాడొకడు అతణ్ణి పీడించాడు. వాడి మోకాళ్లకు పైన కళ్లెత్తి చూసే ధైర్యం ఉండేది కాదట. ముఖం కన్నా వాడి బూట్ల బకిల్సే బాగా గుర్తున్నాయని పెద్దయ్యాక రాసుకున్నాడు. తలెత్తకూడని ఒక పెద్ద శక్తి తన మీద పగబట్టిందన్న భయం అతడికి అప్పటినుంచే తెలుసు.

లండన్‌లో న్యాయశాస్త్రం చదివాడు, అది ఒంటబట్టలేదు. బాబాయి యాష్లీ కూతురు థియోడోరాను ప్రేమించాడు. మన వరసల్లో ఆమె చెల్లెలవుతుంది. వాళ్ల ఆచారంలో ఆ పెళ్లికి అడ్డు లేదు. బాబాయి మాత్రం ఒప్పుకోలేదు. ఇద్దరూ విడిపోయారు, ఆ తర్వాత ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె జన్మంతా పెళ్లి చేసుకోలేదు. అతడు తనకోసం రాసిన పద్యాలను దాచుకుని బతికింది.

1763లో ఒక బంధువు ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగం ఇప్పించబోయాడు. సభ దినచర్య గ్రంథాలు చూసుకునే పని. అతడి నెమ్మదితనానికి తగినదే. కానీ అవతలి పక్షం అభ్యంతరం చెప్పింది, అభ్యర్థి సభ ముందు నిలబడి అర్హత నిరూపించుకోవాలంది. పరీక్ష అంతే. ఒక పూట పని. నలుగురి ముందు నిలబడటమంటేనే ప్రాణం పోయే మనిషికి అది ఉరికంబమైంది. నెలల తరబడి రోజూ ఆఫీసుకు వెళ్లి ఆ గ్రంథాలు తిరగేశాడు, ఒక్క ముక్కా తలకెక్కలేదు. ఆ రోజు రాకముందే మతి పోతే బాగుండునని కోరుకున్నాడు. మతి పోలేదు. ప్రాణం తీసుకోవాలని చూశాడు, అదీ జరగలేదు. అతడి స్థితి కళ్లారా చూశాక ఆ బంధువు ఉద్యోగం వెనక్కి తీసేసుకున్నాడు. ఒక్క మాటతో సరిపోయింది. ఆ ఒక్క మాట వారం ముందు ఎవరైనా అని ఉంటే! ఈ కథలో ఇలాంటి వారాలు చాలా వస్తాయి.

సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియేల్ కాటన్ నడిపే వైద్యశాలలో చేర్చారు. మతి చెడినవాళ్లను గొలుసులతో కట్టే కాలం అది. కాటన్ మెత్తనివాడు, తనూ పద్యాలు రాసేవాడు. ఒకరోజు తోటలో బెంచీ మీద బైబిలు కనబడింది. తెరిస్తే లాజరును లేపిన అధ్యాయం వచ్చింది. యేసు కన్నీళ్లు విడిచినచోట మనసు కొద్దిగా కరిగింది. 1764 వేసవిలో రోమా పత్రిక మూడో అధ్యాయం చదువుతుండగా తన పాపం క్షమించబడిందన్న నమ్మకం ఒక్కసారిగా కమ్ముకుంది. ఎంత ఆనందమంటే, ఇది మరో రకం ఉన్మాదమేమోనని డాక్టరు కొన్నాళ్లు బెంగపడ్డాడు. కాదు. నిజంగానే తేరుకున్నాడు. ఆ ఆనందం అబద్ధమని చెప్పడానికి తర్వాత జరిగింది చాలదని నా ఉద్దేశం. అతడు ఆ రుచి ఎరుగును. ఎరిగినందుకే, పోయాక అంతగా అల్లాడాడు.

హంటింగ్‌డన్ చేరాడు. చర్చి నుంచి వస్తుంటే విలియం అన్విన్ అనే యువకుడు పలకరించాడు. ఆ పలకరింపు అతణ్ణి ఒక కుటుంబంలో చేర్చింది. 1765 చివర్లో అన్విన్‌ల ఇంట్లోనే మకాం పెట్టాడు. ఆ కుర్రాడి తల్లి మేరీ, కౌపర్ కన్నా ఏడేళ్లు పెద్దది. ఈ కథలో దేవదూత అన్న మాట ఎవరికైనా వాడొచ్చంటే ఆమెకే. కానీ ఆమె అలసిపోయే మనిషి కూడా. 1767లో భర్త గుర్రం మీంచి పడి చనిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఇంటికి జాన్ న్యూటన్ వచ్చాడు.

న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్. ఇప్పుడు ఓల్నీ అనే పల్లెలో గురువు. చీకటి గదుల్లో కూర్చుని లేసులు అల్లి కళ్లు పోగొట్టుకునే పేదల ఊరది. కౌపర్‌నూ మేరీనీ తన వెంట రమ్మన్నాడు. వెళ్లారు. న్యూటన్ ఇంటికీ కౌపర్, మేరీల ఇంటికీ మధ్య ఒక తోట ఉంది. దాన్ని దాటి రాకపోకలు చేసుకునే హక్కుకు ఏడాదికి ఒక గినీ కట్టేవారు. ఇద్దరూ కలిసి రోగులను చూసేవారు, ప్రార్థన కూటాలు నడిపేవారు. సభ ముందు నిలబడలేని మనిషి లేసు పనివాళ్ల మధ్య నోరు తెరిచి ప్రార్థించాడు. 1770లో తమ్ముడు జాన్ చనిపోతే పడక పక్కనే ఉన్నాడు. స్నేహితుడి ముఖంలో నీడలు గమనించిన న్యూటన్, ఇద్దరం కలిసి కీర్తనల పుస్తకం రాద్దామన్నాడు. తప్పు చేశాడా? కొందరు అలాగే అన్నారు. పుండున్న మనసును రోజూ తడిమి చూసుకునే పని పెట్టాడని. నాకలా అనిపించదు. తెలిసిన మందే ఇచ్చాడు. ఆ కాలానికి మరో మందు ఎవరికీ తెలియదు.

1772లో మేరీతో పెళ్లి మాట ఖాయమైంది. ఇక్కడ నేను కాసేపు ఆగుతాను. నలభై దాటిన మనిషి, తల్లిలేని పిల్లాడు, మొదటి ప్రేమ చేజారినవాడు, ఇల్లు అనేది దొరకబోతోంది. ఇంకొన్ని నెలలు నిలిచి ఉంటే.

1773 జనవరి 1న న్యూటన్ దావీదు ప్రార్థన మీద ప్రసంగించాడు. ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన ఆ ప్రసంగం కోసమే రాశాడంటారు. అదే రోజు కౌపర్ పొలాల్లో నడుస్తుండగా పాత చీకటి మళ్లీ ముంచుకొస్తోందని పసిగట్టి, మతి ఉండగానే ఇంటికి వచ్చి, మొదట చెప్పిన తన ప్రసిద్ధ కీర్తన రాశాడనీ చెబుతారు. ఆ కథ అక్షరాలా నిజం కాకపోయినా, ఆ కొద్ది రోజుల్లోనే అతడు కూలిపోయాడన్నది నిజం. ఒక పల్లె, ఒక చలికాలం, పక్కపక్క ఇళ్లలో ఇద్దరు స్నేహితులు. ఒకడు తప్పిపోయి దొరికానని పాడుకున్నాడు. రెండోవాడు ఇక ఎన్నటికీ దొరకలేదు.

ఫిబ్రవరిలో ఒక కల వచ్చింది. కలలో లాటిన్‌లో ఒక తీర్పు వినబడింది: నీ పని అయిపోయింది, నీవు నశించావు అని. ఆ కలను మిగిలిన ఇరవై ఏడేళ్లూ అతడు కలగా చూడలేదు. అక్టోబరులో మరో స్వరం: అబ్రాహాము ఇస్సాకును అర్పించినట్టు నిన్ను నీవే అర్పించుకో అని. ప్రయత్నించాడు, మేరీ కాపాడింది. మోరియా కొండ మీద కత్తి ఆగినప్పుడు అబ్రాహాముకు కుమారుడు దక్కాడు. కౌపర్ మాత్రం తన కత్తి ఆగినందుకే, ఆజ్ఞ నెరవేర్చలేదు కాబట్టి తనకు శాశ్వత శిక్ష పడిందని తేల్చుకున్నాడు. ఏర్పరచబడినవాళ్లు ఎన్నటికీ నశించరన్నది న్యూటన్ బోధ. అది తప్పని కౌపర్ ఎన్నడూ అనలేదు. అందరికీ వర్తించే ఆ నియమానికి తానొక్కడే మినహాయింపు అన్నాడు, అంతే. ఈ వాదనను ఏ వాక్యంతో ఖండిస్తాం? చూపించిన ప్రతి వాగ్దానాన్నీ నమ్మేవాడు, తనకు తప్ప అందరికీ.

పెళ్లి ఆగిపోయింది. మరి చర్చి గడప తొక్కలేదు. ప్రార్థించే హక్కు తనకు లేదని ప్రార్థన మానేశాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో న్యూటన్ ఇంటికి వచ్చినవాడు ఇక వెళ్లనన్నాడు. ఏడాది పైన అక్కడే ఉండిపోయాడు. న్యూటన్ విసుక్కున్న రోజులుండవచ్చు, పొమ్మన్న రోజు లేదు. కౌపర్ విశ్వాసం చాల్లేదు అనే మాట ఎవరైనా అంటే నాకు ఈ ఏడాది గుర్తొస్తుంది. ఇవాళైతే దాన్ని మనోవ్యాధి అంటాం, మందులు రాస్తాం. అలా అన్నాక కూడా, మన సంఘాల్లో అలాంటివాణ్ణి ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకునేది ఎవరు?

బైబిలులో 88వ కీర్తన ఉంది. యోబు నుంచి విలాపవాక్యముల దాకా ఏడ్చినవాళ్లు చాలామంది ఉన్నా, దాదాపు అందరి ఏడుపులోనూ ఎక్కడో ఒక తెరిపి దొరుకుతుంది. ఈ కీర్తన మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఆమేన్‌కు కూడా ఆగకుండా. అయినా దాన్ని ప్రార్థనగానే లెక్కించి పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. చీకట్లో ముగిసే మొర కూడా దేవుడికి చెప్పుకున్న మొరేనని కౌపర్ మనసుకు పట్టి ఉంటే ఎలా ఉండేదో. తన నిశ్శబ్దాన్నే తోసివేతకు రుజువు చేసుకున్నాడు.

చీకటి కొంత పలచబడ్డాక పనులు వెతుక్కున్నాడు. తోటపని, వడ్రంగం. 1774లో ఎవరో తెచ్చిచ్చిన కుందేలు పిల్లలను పెంచాడు. పుస్, టైనీ, బెస్. పేర్లు ఆడవైనా మూడూ మగవే. సాయంకాలం గదిలో తివాచీ మీద వాటిని వదిలితే గంతులు వేసేవి. టైనీ ఎంత పెంచినా మచ్చిక కాలేదు, ముట్టుకుంటే కరిచేది. అది చనిపోతే దానికీ సమాధి పద్యం రాశాడు. పుస్ దాదాపు పన్నెండేళ్లు బతికింది. వేటకుక్కలు తరిమే ప్రాణులకు అతడి ఇంట్లో అభయం దొరికింది. తనను తాను బాణాలు దిగి మందను విడిచిన జింకతో పోల్చుకున్నవాడు ఇంకేం చేస్తాడు?

1779లో ఓల్నీ కీర్తనల పుస్తకం వచ్చింది. 348 కీర్తనల్లో అరవైకి పైగా కౌపర్‌వి, అన్నీ కూలిపోక ముందు రాసినవే. మరుసటి ఏడాది న్యూటన్ లండన్ చర్చికి మారిపోయాడు. తోట దాటి వచ్చే అడుగుల చప్పుడు ఆగింది. ఆ తర్వాతే, చిత్రంగా, అతడు పెద్ద కవి అయ్యాడు. లేడీ ఆస్టెన్ అనే చలాకీ స్నేహితురాలు ఒక రాత్రి జాన్ గిల్పిన్ అనే బట్టల వ్యాపారి గుర్రపు స్వారీ కథ చెప్పి నవ్వించింది. అది 1782లో అతడి చేతిలో హాస్యగీతమై, తర్వాత ఊరూరా మోగింది. రాసే రోజుల్లో తనెంత దుఃఖంలో ఉన్నాడో అతడి ఉత్తరాలు చెబుతాయి. సోఫా గురించి రాయమని ఆమె సరదాగా అంటే మొదలుపెట్టిన ‘ది టాస్క్’ 1785లో వెలువడి అతణ్ణి ఇంగ్లండంతా ఎరిగిన కవిని చేసింది. బానిసల తరఫున పద్యాలు రాశాడు. స్వేచ్ఛలో పెరిగిన ఇంగ్లండు తూర్పు దేశానికి దాస్యాన్ని ఎగుమతి చేసిందా అని 1782 నాటి కావ్యంలోనే నిలదీశాడు. అప్పటికే మన కోస్తా సర్కారు జిల్లాలు చాలావరకు ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నాయి. తన బాధ తప్ప ఏమీ కనబడనివాడు ఇలా రాయలేడు.

1786 నవంబరులో వెస్టన్‌లో మంచి ఇంటికి మారారు. మారిన కొద్ది రోజులకే, ఒకప్పుడు చర్చి దగ్గర పలకరించిన ఆ విలియం అన్విన్ జ్వరంతో పోయాడు. జనవరిలో చీకటి మూడోసారి వచ్చి వెళ్లింది. హోమర్‌ను అనువదిస్తూ నిలదొక్కుకున్నాడు. 1791లో అది అచ్చయింది. ఆ రోజుల్లో ఓల్నీ బడిపంతులు శామ్యూల్ టీడన్‌ను నమ్మడం మొదలుపెట్టాడు. నిద్రలేచేటప్పుడు చెవిలో పడ్డ మాటలన్నీ అతడికి రాసి పంపేవాడు. ఆ మాటలకు దేవుని అర్థమేమిటో పంతులు ప్రార్థించి చెప్పేవాడు. ఎవరైనా ఆ స్వరాలను పట్టించుకోవద్దని చెప్పాల్సినచోట వాటికి వ్యాఖ్యానం దొరికింది.

అదే ఏడాది డిసెంబరులో మేరీకి పక్షవాతం వచ్చింది. మరుసటి మేలో ఇంకోసారి. ఇరవై ఏళ్లుగా అతడికి కాపలా కాసిన చేతులు పడిపోయాయి. అతడే ఆమెను నడిపించాడు, మాట తడబడితే అర్థం చేసుకున్నాడు. తనకోసం మెరిసిన కుట్టుసూదులు తుప్పుపట్టడం గురించి ఆమె మీద ఒక పద్యం రాశాడు. 1794లో మళ్లీ కూలిపోయి, ఆరు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. రొట్టెముక్క నానబెట్టి ఇస్తే అదే ఆహారం. ఇక కదిలించగలిగేది మేరీ ఒక్కతేనని చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను బతిమాలారు. ఈ పొద్దు ఎండ బాగుంది, కాస్త నడవాలనుంది అంది ఆమె. అతడు లేచాడు. ఆమె చేయి పట్టుకున్నాడు. దేవుని పిలుపులో తనకు చోటు లేదనుకున్న మనిషి నడవలేని ఒక ముసలామె అడిగితే లేచాడు.

ఆ ఏడాదే రాజుగారు ఏటా మూడు వందల పౌన్ల పింఛను మంజూరు చేశారు. దాన్ని గుర్తించే స్థితిలో లేడు. 1795లో తల్లి తరఫు బంధువు జాన్ జాన్సన్ ఇద్దరినీ నార్‌ఫోక్ తీసుకుపోయాడు. వెస్టన్ వదిలేముందు కిటికీ తలుపు మీద రెండు పాదాలు రాశాడు, ఆ చోట్ల నుంచి శాశ్వతంగా సెలవు తీసుకుంటూ. 1796 డిసెంబరు 17 పొద్దున్న, పైన ప్రాణం ఉందా అని పనిమనిషిని అడిగాడు. ఆ మధ్యాహ్నం మేరీ పోయింది. ఆమెను చూడటానికి తీసుకెళితే ఒక్క పెద్ద కేక పెట్టాడు. ఆ తర్వాత ఆమె పేరు ఎన్నడూ ఎత్తలేదు. అతడు కలత పడతాడని ఆమెను రాత్రిపూట కాగడాల వెలుగులో పాతిపెట్టారు.

1799 మార్చిలో చివరి గొప్ప పద్యం, ‘ది కాస్టవే’. నౌకాదళపతి యాన్సన్ ఓడ మీంచి తుపానులో కొట్టుకుపోయిన నావికుడి కథ. సాటివాళ్లు చేతికందినవన్నీ నీళ్లలోకి విసిరారు. వాళ్లది ద్రోహం కాదు. గాలి ఓడను ఆగనివ్వలేదు. తనది అంతకన్నా లోతు అని చెప్పి పద్యం ముగించాడు. కానీ చూడండి, విసిరినవాళ్లను అతడు ఒక్క మాట అనలేదు. న్యూటన్, మేరీ, థియోడోరా అక్క లేడీ హెస్కెత్, జాన్సన్, అందరూ ఆ పద్యంలో ఉన్నారనిపిస్తుంది నాకు.

ఆఖరి రాత్రి బలానికి ఏదో తాగమంటే, దానివల్ల ఏమవుతుంది అన్నాడు. చనిపోయాక అతడి ముఖంలో నెమ్మదితో కలిసిన పవిత్రమైన ఆశ్చర్యం కనబడిందని జాన్సన్ రాశాడు. ప్రేమించినవాడి కళ్లు. నేను వాటితో వాదించను, వాటిని సాక్ష్యంగా వాడుకోను కూడా.

ఆ మేలోనే తగువు మొదలైంది. శామ్యూల్ గ్రేట్‌హెడ్ ఓల్నీలో సంస్మరణ ప్రసంగం చేసి, కుటుంబం దాచిన సంగతులు బయటపెట్టాడు. లేడీ హెస్కెత్‌కు కోపం వచ్చింది. న్యూటన్ మతావేశమే కౌపర్‌ను పాడుచేసిందని ఒక పక్షం, మతమే అతణ్ణి అన్నేళ్లు బతికించిందని ఇంకో పక్షం. రెండు వందల ఏళ్లుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. తన స్నేహితుడు ఎక్కడికి చేరాడన్న విషయంలో న్యూటన్‌కు సందేహం లేదు; కౌపర్ బతికి ఉన్నప్పుడు కూడా లేదు. ఆ మాట అతడికి ఎదురుగా, ఉత్తరాల్లో, ఇరవై ఏడేళ్లు చెబుతూనే వచ్చాడు. కౌపర్ మర్యాదగా, ప్రేమగా జవాబు రాసేవాడు: మీకు అది నిజమే, నాకు కాదు.